నిండని గుంత

శివరాత్రి వెళ్లి వారమైంది. జైనథ్ పక్కన ఒక పల్లెలో మా అక్క ఇల్లు కట్టుకుంటోంది. గోడలు లింటల్ దాకా లేచాయి. చుట్టూ చేలల్లో పత్తి ఏరడం అయిపోయింది, కట్టె పీకడమే మిగిలింది. ఇంటి వెనక ఖాళీ జాగాలో నల్లరేగడి ఎండి నెర్రెలిచ్చింది. పక్కింటి పిల్లగాడి గోటీ ఒకటి ఆ నెర్రెలో పడింది. పుల్ల పెట్టి ఎంత కెలికినా దొరకలేదు.

మేస్త్రి బయటివాడు కాదు, మా చిన్నాయన. గంగాధర మనిషి. నలభై ఏళ్లుగా కరీంనగర్ చుట్టూ ఇళ్లు కడుతున్నాడు. అన్న బిడ్డ ఇల్లని కూలి మాట కూడా తేల్చకుండా తాపీ, గుండు, రసమట్టం సంచిలో వేసుకుని, సోన్ దగ్గర గోదారి దాటి, మహబూబ్ ఘాటు ఎక్కి వచ్చాడు. ఆయనకు ఎదురు నిలిచింది మా మేనకోడలు. జియాలజీలో ఎమ్మెస్సీ చేసింది, ఊళ్లు తిరిగి నీళ్లు పరీక్ష చేసే పనిలో ఉంది. వాళ్లిద్దరి వాదం రెండు రోజులు నడిచింది. ఇటుకల కుప్ప మీద కూర్చుని టీ తాగుతూ విన్నవాణ్ని నేను. పేర్లెందుకు, తాత, మనుమరాలు అనే రాస్తాను.

మొదలైంది ముగ్గుతో గీసిన ఒక దీర్ఘచతురస్రం దగ్గర.

తాత: ఇగో, పది ఫీట్ల పొడుగు, ఎనిమిది ఎడల్పు, తొమ్మిది లోతు. చుట్టూ ఇటుక, అడుగు మట్టిదే ఉంచుత. పైన స్లాబు. నీ పెండ్లయి, నీ పిల్లల పెండ్లిళ్లయినా నిండది.

మనుమరాలు: ఎందుకు నిండది తాతా? ఇంట్ల ఐదుగురు మనుషులు. రోజూ పోసే నీళ్లు ఎటు పోతయి?

తాత: భూమి తాగుతది.

మనుమరాలు: ఏ భూమి?

తాత: ఏ భూమేంది పిల్లా? భూమి భూమే.

నిజానికి గొడవంతా ఇక్కడే ఉంది. చిన్నాయన చేతికి తెలిసిన భూమి వేరు. గంగాధర, మానకొండూరు వైపు నేల కింద ఉన్నది గ్రానైటు. ఆ బండే కాలక్రమంలో పొడయి పైన ఎర్రటి చెల్క అయింది, దాని కింద మొరం అయింది. మొరంలో బిందె పోస్తే బీడీ కాలేలోపు మాయం. ఆదిలాబాద్ వైపు నల్లరాయి, ఎప్పుడో పొంగి గడ్డకట్టిన లావా. దాని మీద ఏర్పడిన మట్టే రేగడి. నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. పత్తికి ఇంతకన్నా మంచి నేల లేదు. మరుగుదొడ్డి గుంతకు ఇంతకన్నా మొండి నేలా లేదు.

మనుమరాలు: మన ఇంటికి సర్కారు ప్రమాణాల పుస్తకం ఐ.ఎస్. 2470 లెక్క ప్రకారం ఎంత ట్యాంకు చాలో తెలుసా? ఐదుగురికి మీటరున్నర పొడుగు, ముప్పావు మీటరు ఎడల్పు, నీళ్ల లోతు మీటరు. అడుగు, గోడలు అన్నీ ప్లాస్టరింగు. చుక్క కారొద్దు.

తాత: గది ట్యాంకా, గోలెమా? మా బర్రె దాంట్ల తాగి ఇంకా కావాల్నంటది.

మనుమరాలు: ట్యాంకు పని నీళ్లు దాచుడు కాదు తాతా. లోపలికొచ్చింది ఒకరోజు ఆగాలె. బరువుది అడుగున కూసుంటది, తేలికది పైన తేలుతది, నడుమ నీళ్లు బయటికి పోతయి. అడుగున పేరుకున్నది రెండు మూడేండ్లకోపారి తీసెయ్యాలె. అంటే ట్యాంకు నిండాలె. నిండకపోతే అది ట్యాంకు కాదు, చిల్లు.

తాత: నలభై ఏండ్లల నేను కట్టినవి ఎన్నో లెక్కలేదు. ఒక్కటి నిండిందని ఎవ్వడూ ఇంటికి రాలే. మా ఇంటెనుకది ఇరవై రెండేండ్లాయె. మూత గూడ తియ్యలే.

మనుమరాలు: ఆ గుంతకు బావి ఎంత దూరం?

తాత: చేదబావా? పది అడుగులుంటదేమో. నల్లా వచ్చినంక దాని నీళ్లు ఎవ్వరు తాగుతలేరులే. గిన్నెలు తోముతరు, గంతే.

ఆమె ఏదో అనబోయి ఊరుకుంది. నాకూ ఆ బావి తెలుసు. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు పోతే దాని నీళ్లే తాగేవాళ్లం. చల్లగా, తియ్యగా ఉండేవి.

చిన్నాయనది మొండితనం అనుకుంటే పొరపాటు. నిండని గుంత మీద ఆయనకు అంత పట్టు ఎందుకో ఆ సాయంత్రం తెలిసింది.

తాత: నిండుతది అన్నవు గద. నిండితే ఎవ్వడు తియ్యాలె? ఇయ్యాలంటే మోటరు బండి వస్తది, పైపు ఏస్తరు. అప్పుడు మనిషే దిగేటోడు. నేను సూసిన బిడ్డా. ఒకడు దిగిండు, సప్పుడు లేదు. వాన్ని పట్టుకొస్తనని ఇంకొకడు దిగిండు. ఇద్దరిని తాడేసి గుంజినం. నేను కట్టిన ట్యాంకే అది. అడుగుకు సిమెంటు చేసి, మంచిగ కట్టినందుకు నిండింది. ఆ రోజు అనుకున్న, ఇగ నేను కట్టే గుంతల మనిషి దిగే అవసరమే రావద్దని. అడుగు ఇడిసిపెట్టుడు ఆడ మొదలైంది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. 2013లో చట్టం వచ్చింది. రక్షణ ఏదీ లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపితే నేరం. చట్టం రాకముందే చిన్నాయన తన చట్టం తాను రాసుకున్నాడు. దాని ఖర్చు కింద నీళ్ల మీద పడిందన్నది ఆయనకు కనిపించని సంగతి.

మనుమరాలు: నువ్వన్నది కాదనను తాతా. మనిషి దిగొద్దంటే ఇంకో తొవ్వ ఉంది. రెండు చిన్న గుంతలు. ఒకటి నిండితే మూసేసి రెండో దానికి తిప్పాలె. రెండోది నిండేలోపు మొదటి దాంట్లది ఎండి మట్టయితది. వాసన గూడ ఉండది. 2017 ఫిబ్రవరిలో వరంగల్ గంగదేవిపల్లిల కేంద్రం నుంచి వచ్చిన కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ తనే గుంతల దిగి చేత్తోటి ఎరువు తీసిండు. దేశమంత చూసింది.

తాత: పెద్ద సారు ఒక్కరోజు దిగితే పేపర్ల ఫొటో ఏస్తరు. రోజు దిగేటోనికి ఎవ్వడేసిండు ఫొటో? సరే, గా రెండు గుంతలే తవ్వుదం. భూమే గద తాగేది ఆడ గూడ? మరి నాకెందుకు అడ్డం పడుతున్నవు?

మనుమరాలు: ఈ భూమి తాగుతదో తాగదో చూసి తవ్వుదాం అంటున్న. గంతే.

తాత: తాగుతది. గిప్పుడే సూపిస్త.

గడ్డపార తీసుకున్నాడు. గుంత రావాల్సిన చోట జానెడు వెడల్పు, మూడడుగుల లోతు బొంద తవ్వాడు. బిందెడు నీళ్లు పోశాడు. బీడీ ముట్టించాడు. బీడీ సగం కాలకముందే బొంద అడుగు కనిపించింది. మళ్లీ బిందె. మళ్లీ అంతే. మా అక్క కూడా చూసి, "తాగుతుంది కదే" అంది కూతురితో. చిన్నాయన నవ్వాడు. నాకూ ఆయనే గెలిచాడనిపించింది.

మనుమరాలు: నిన్న పిల్లగాని గోటీ పోయింది చూడు, నీళ్లు గూడ అటే పోయినయ్. నువ్వు పోసింది మట్టి తాగలేదు, నెర్రె మింగింది. వానలు పడి రేగడి ఉబ్బినంక నెర్రె ఉండదు. అప్పుడు మరుగుదొడ్డి వాడుడు బంద్ చేస్తమా?

తాత: అయితే ఏం జెయ్యాలె?

మనుమరాలు: దీనికి ముందే వానాకాలం తేవాలె.

పరీక్ష మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. బొంద గోడలు గడ్డపార రాపిడికి నున్నగా, పలకలా అయ్యాయి. మేకుతో వాటిని గీకమంది. "సున్నమేస్తున్నమా ఏంది" అన్నాడు చిన్నాయన, కానీ గీకాడు. రాలిన మట్టి తీసేసి, అడుగున రెండంగుళాలు సన్న కంకర వేయించింది. కంకర మీద ఒక అడుగు ఎత్తుకు నీళ్లు నింపింది. తగ్గినప్పుడల్లా నింపుతూ పోయింది. సాయంత్రం ఐదుకు బకెట్టు పోస్తే పది నిమిషాలు ఆగింది. ఏడుకు అరగంట. రాత్రి పడుకోబోయే ముందు మా అక్క టార్చి వేసి చూసింది. నీళ్లు నిలబడే ఉన్నాయి, అందులో టార్చి వెలుగు కూడా కదలడం లేదు.

ఇది కొత్తగా పుట్టిన పరీక్ష కాదు. 1920లలో న్యూయార్క్ రాష్ట్రంలో హెన్రీ రయాన్ అనే ఇంజినీరు మొదలుపెట్టాడు. అప్పటి నుంచి అమెరికా పల్లెల్లో స్థలం కొనేవాడు మొదట అడిగేది 'పెర్క్', అంటే ఈ ఇంకుడు పరీక్ష, అయిందా అనే. మన ఐ.ఎస్. 2470 రెండో భాగంలో కూడా ఉంది. ఉంది అంటే పుస్తకంలో ఉంది.

తెల్లారి ఏడింటికి బొందలో నీళ్లు కంకర పైన ఆరంగుళాలకు సరిచేసి, అడ్డంగా కట్టె పెట్టి, దానికి బడిపిల్లల స్కేలు కట్టింది. ముగ్గురం వంగి చూస్తున్నాం. అరగంటకు నీళ్లు దిగింది 5 మిల్లీమీటర్లు. మళ్లీ నింపి చూసింది. మళ్లీ 5.

మనుమరాలు: 25 మిల్లీమీటర్లు దిగడానికి ఎంతసేపు పడుతదన్నది లెక్క. ఇక్కడ రెండున్నర గంటలు. 30 నిమిషాల లోపయితే సోక్ పిట్ తవ్వుకోవచ్చు. 60 దాకా అయితే పొడుగ్గా కాలువ తవ్వి కంకర పోసి ఇంకించాలె. 60 దాటితే భూమి మీద ఆశ పెట్టుకోవద్దు.

తాత: అయితే మా మొరం మంచిది. అర నిమిషంల దిగుతది.

మనుమరాలు: అది ఇంకా భయం. అంత తొందరగ దిగితే మధ్యల వడపోసేది ఏముంది? మురికి నీళ్లను శుభ్రం చేసేది మట్టి, మట్టిల ఉండే సూక్ష్మజీవులు. వాటికి టైమియ్యాలె.

తాత: ఇంకకపోతే తప్పు, బిర్రున ఇంకితే తప్పు! ఇగ మీ సదువుకు నచ్చేటట్టు భూమిని ఏ కంపెనీల చేపియ్యాలె?

ఆ మాటకు అందరం నవ్వాం. కానీ చిన్నాయన ఊరుకునే మనిషి కాదు. బొందలోంచి తీసిన తడిమట్టి పిడికెడు తీసుకున్నాడు. బొటనవేలికీ చూపుడు వేలికీ నడుమ ఒత్తుతూ బయటికి నెట్టాడు. మట్టి తెగకుండా రిబ్బన్‌లా వేలాడింది.

తాత: సూడు. నిన్న పొడి మట్టి పట్టుకున్న, అందుకే మోసపోయిన. ఇది తడిగ పట్టుకుంటే నాకు స్కేలెందుకు? ఇంత పొడుగు సాగిందంటే ఇది నీళ్లిడువది, నీళ్లు పోనియ్యది. కుమ్మరోన్ని అడిగినా చెప్తడు.

మనుమరాలు: అవును తాతా. ఆ పరీక్ష గూడ పుస్తకంల ఉంది. రెండంగుళాలు దాటి సాగితే బంకమట్టి.

ఇక్కడ నేనొక మాట కలపాలి. డాలస్ చుట్టూ మనవాళ్లు పెద్ద పెద్ద ఇళ్లు కట్టుకున్న ఫ్రిస్కో, ప్లానో ప్రాంతమంతా ఉన్నది మన రేగడికి తోబుట్టువైన నల్లమట్టే. దాన్ని హ్యూస్టన్ బ్లాక్ అంటారు. మురుగు కాలువలు అందని చోట అక్కడా ఇదే తంటా. టెక్సాస్‌లో ఇప్పుడు బొందలో నీళ్లు పోసి గడియారం చూడటం కన్నా, గొయ్యి తవ్వి పొరపొరకూ మట్టి చేత్తో పిసికి రకం తేల్చడం మీదే ఆధారపడతారు. బంకమట్టి అని తేలితే మామూలు సోక్ కాలువ ఒప్పుకోరు. ఎక్కువమంది గాలి కొట్టి శుభ్రం చేసే ట్యాంకు పెట్టుకుని, ఆ నీళ్లను పైన గడ్డి మీద చల్లుకుంటారు. అంటే చిన్నాయన చేతికి అక్కడ లైసెన్సు ఇచ్చి కూర్చోబెడతారన్నమాట. ఈ మాట చెబితే ఆయన పట్టించుకోలేదు. వీసా అడగలేదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక వాదం దూరాల మీదికి మళ్లింది. పక్కింటి బోరు ఈ ముగ్గు గీతకు ముప్పై అడుగులు.

మనుమరాలు: ఇంకే నీళ్లు తాగే బావికి, బోరుకు 18 మీటర్ల దూరంల ఉండాలె. అరవై ఫీట్లు.

తాత: ఇంటి జాగనే నలభై, అరవై. అరవై ఫీట్ల దూరమంటే ఎవ్వని ఇంట్ల తవ్వాలె గుంత? గా పుస్తకం రాసినోనికి వంద గజాల ఇంట్ల ఉండుడు ఎరికేనా?

ఈ ప్రశ్నకు మా మేనకోడలి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. స్వచ్ఛ భారత్ మొదలయ్యాక ఇంటికి 12,000 రూపాయలిచ్చి దొడ్లు కట్టించారు. ఇల్లు ఇంటికి ఆనుకున్న వాడల్లో పక్కపక్కనే గుంతలు లేచాయి. ఎవరి గుంతకు ఎవరి బోరు ఎంత దూరమో టేపు పట్టి చూసినవాళ్లను నేను చూడలేదు.

మనుమరాలు: జాగ లేదు కాబట్టే అడుగు సిమెంటు చెయ్యమంటున్న. ఇంకించుడు కుదరని కాడ కారనియ్యొద్దు.

తాత: బోరు మూడు వందల ఫీట్ల లోతు. నా గుంత తొమ్మిది. ఈడికాడికి సంబంధమేంది?

మనుమరాలు: బోరుకు కేసింగు పైపు ఎంత దాకా దించిండ్లు? గట్టి బండ తగిలేదాకనే. దాని కింద ఖాళీ బొక్క. కేసింగు చుట్టూ సందు ఉంటది, దాన్ని సిమెంటుతోటి పూడ్చరు. పై నీళ్లు ఆ సందు పట్టుకుని నేరుగ దిగుతయి. మూడు వందల ఫీట్ల నీళ్లు అనుకుని తాగేది, సగం ముప్పై ఫీట్ల నీళ్లే కావచ్చు.

సంచిలోంచి చిన్న సీసా తీసి స్లాబు చెక్క మీద పెట్టింది. అందులో ఒక కాగితం ముక్క. మొన్న పొద్దున పక్కింటి బోరు నీళ్లు అందులో పోసి పెట్టిందట. మురుగు క్రిములుంటే ఒకటి రెండు రోజుల్లో సీసా నల్లబడుతుంది. మా ముందున్న సీసా కాటుక కలిపినట్టుంది. మూత తీయబోతే వద్దంది, కుళ్లిన గుడ్డు వాసన వస్తుందని. పక్కింటి వాళ్ల గుంత వాళ్ల బోరుకు ఎక్కడుందో వెతకనక్కర లేదు, స్నానాల గది వెనకే కనిపిస్తోంది.

1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు ఒక చేతిపంపు మీద వేలు పెట్టాడు. మరుసటేడు తవ్వి చూస్తే, పక్కనున్న 40వ నంబరు ఇంటి మురుగు గుంత ఇటుకలు ఊడిపోయి ఉన్నాయి. ఆ గుంతకూ పంపు బావికీ నడుమ దూరం మూడడుగులు కూడా లేదు. ఆమె ఈ కథ చెప్పింది.

తాత: ఆడ గూడ అడుగు సిమెంటు చెయ్యలేదా?

మనుమరాలు: చెయ్యలే. గోడల్నుంచి గూడ కారింది.

తాత: మేస్త్రి ఎవ్వరో.

నల్లా వచ్చింది కదా, బోరు నీళ్లు ఎవరు తాగుతున్నారని తర్వాత అడిగాడు. మిషన్ భగీరథ నీళ్లు ఈ పల్లెకూ వస్తున్నాయి. మా అక్క దానికి జవాబు చెప్పింది: పైపు పగిలిన రోజు, కరెంటు లేని రోజు, పెళ్లికి వంద మంది వచ్చిన రోజు బోరే దిక్కని. పశువులకు ఎప్పుడూ బోరే. ఇక ఆ వాదం సాగలేదు.

తాత: మరి పెద్దపల్లిల ఇంటింటికి ఇంకుడుగుంత తవ్విండ్లు. 2019ల దేశంలనే మొదటి జిల్లా అన్నరు. వాళ్లకు తెల్వదా?

మనుమరాలు: అది స్నానం చేసిన నీళ్లు, అంట్లు తోమిన నీళ్లు. వాకిట్ల నిలిచి దోమలు కాకుండ. దాంట్లకు దొడ్డి పైపు కలిపితే అది ఇంకుడుగుంత కాదు. అక్కడ గూడ ఎవరైనా కలిపితే తప్పే.

నాకు తెలిసి కలిపినవాళ్లున్నారు. ఒకే గుంతకు రెండు పైపులు. ఖర్చు తక్కువ.

లెక్కలు చూశాక మా అక్క దిగాలుపడింది. రేగడిలో గుంత గోడ ఒక చదరపు మీటరుకు రోజుకు 10 లీటర్లే తాగుతుందని పుస్తకం లెక్క. ఇసుక నేలయితే 50. మీటరు అడ్డం, మీటరు లోతు గుంతకు గోడ మూడు చదరపు మీటర్లు. అంటే రోజుకు ముప్పై లీటర్లు. మా అక్కకు మోకాళ్ల నొప్పి, కమోడ్ కావాలి. దాని ఫ్లష్ ఒక్కసారి నొక్కితే ఆరేడు లీటర్లు. ఐదుగురూ తలా ఒక్కసారి వెళ్లినా గుంత పని అయిపోయినట్టే. గుంత చుట్టూ అడుగు మందం ఇసుకో కంకరో నింపితే కాస్త నయం. లేదంటే చిన్న ట్యాంకు కట్టి, దాని నీళ్లు కంకర గదిలో కింది నుంచి పైకి ఎక్కేలా చేసి, ఆ తర్వాత అడుగు సిమెంటు చేసిన మడిలో మెట్టతామర పెంచి వాటికి తాగించాలి.

తాత: దొడ్డి నీళ్లకు పూలతోట. నా సుతారి బతుకుల ఇది గూడ సూడాల్సొచ్చె.

మనుమరాలు: కడుతవా కట్టవా?

తాత: మీ అమ్మ పైసలిస్తే కడుత. గాని ఒకటి చెప్పు. ఇదంత రేగడి లొల్లి. మా దిక్కు మొరంల నాకేం పని? బిర్రున ఇంకుతది అన్నవు, సరే. కింద నీళ్లు ఎక్కడో ముప్పై ఫీట్లల ఉంటయి. అంత దూరం పోయేదాంక శుభ్రమైతయి గద?

మనుమరాలు: ముప్పై ఫీట్లని ఎప్పుడు చూసినవు?

తాత: బావి తవ్విన నాడు.

ఆ బావి తవ్విన నాటికి మానేరు ఎండి ఇసుక మేటలేసేది, బావిలో చేద తగిలితే రాయి సప్పుడు వచ్చేది. ఆ తర్వాత ఏం జరిగిందో కరీంనగర్ మనిషికి చెప్పక్కరలేదు. చెరువుల పూడిక తీశారు. ఎల్లంపల్లి నుంచి గంగాధర చెరువులకు నీళ్లు ఎత్తిపోశారు. మధ్య మానేరు నిండింది. పక్కన సిరిసిల్ల జిల్లాలో భూగర్భజలం ఆరు మీటర్ల దాకా పైకొచ్చిందనీ, ముస్సోరిలో ఐఏఎస్ శిక్షణలో దాన్ని పాఠం చేశారనీ 2020లో పేపర్లు రాశాయి. బావులు నిండాయని ఊళ్లల్లో గంగమ్మకు బోనాలు పెట్టారు. గుంతల అడుగులు ఎక్కడున్నాయో, నీళ్లు ఎక్కడికి వచ్చాయో ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు, పక్కనే కూర్చుని వినేదాకా.

మనుమరాలు: గుంత అడుగుకు, నీళ్లకు నడుమ రెండు మీటర్లన్న పొడి మట్టి ఉండాలె తాతా. అది ఎండాకాలం లెక్క కాదు, బతుకమ్మ పండుగ లెక్క. నీళ్లు అప్పుడే అన్నిటికన్న పైన ఉంటయి. బావి గోడ మీద నీటి చార ఎక్కడిదాకా ఉందో చూస్తే తెలిసిపోతది, దానికి ఎమ్మెస్సీ అక్కరలేదు.

చిన్నాయన జవాబివ్వలేదు. బీడీ కట్ట తీశాడు, మళ్లీ జేబులో పెట్టాడు. తర్వాత ఫోను తీసి కొడుక్కు కలిపాడు. స్పీకరు పెట్టడం ఆయనకు అలవాటు, చెవి కొంచెం మందం.

"ఏడున్నవురా? ఇంటెనుక గుంతకు మూత ఉంది సూడు, మూలకు. దాన్ని లేపి, తాడుకు రాయి కట్టి దించు. నీళ్లు ఎంతల తగుల్తయో చెప్పు. దగ్గరికి వంగకు. మొకం పెట్టకు."

"ఎందుకు బాపూ? నిండిందా ఏంది?"

"చెప్పింది చెయ్యి."

చాలాసేపు గడ్డపార చప్పుడు, కోడి అరుపు, ఎవరో ఆడమనిషి ఏదో అడగడం వినిపించాయి. చిన్నాయన బొందలో ఇంకా దిగని నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు.

"ఏడు ఫీట్లకు తగిలినయి బాపూ. నిండలే. తేటగనే ఉన్నట్టున్నయి పైన."

"ఇప్పుడు బావిల దించు. తాడు కడుగు ముందుగాల. కాదు, వేరే తాడు తీస్కో."

మళ్లీ నిశ్శబ్దం. గిలక కిర్రుమంది.

"బావిల గూడ ఏడే."

చిన్నాయన ఫోను దగ్గరికి జరుపుకున్నాడు.

"పొద్దుగాల గిన్నెలు దేనితోని తోమిండ్లురా?"